వరి కొయ్యొద్దన్న ఫొటో

ఆ గురువారం పొద్దున పొలం గట్టు మీద ఉన్నవాళ్లు: పొలం చేసే అండాలమ్మ, ఆమె భర్త బాల్‌రాజు, కోత మిషన్ డ్రైవర్, నేను. ఉన్నవి: గింజల బరువుకు గొలుసులు పూర్తిగా వంగిపోయిన ఎకరంన్నర వరి, ఇంజన్ ఆపకుండా నిలబెట్టిన కోత మిషన్, బాట మీద బాల్‌రాజు టాక్సీ, నా భుజానికి కెమెరా సంచి, దక్షిణాన నల్లబడుతున్న మబ్బు. అక్కడ లేకపోయినా అందరికన్నా ఎక్కువ మాట్లాడుతున్నది నా ఫోన్‌లో మా మేనేజర్ మూర్తి గారు.

తేలాల్సింది ఒక్కటే. మిషన్ మడిలోకి దిగాలా, వద్దా?

దిగితే మర్నాడు జరగాల్సిన షూటింగ్ పోతుంది. దిగకపోతే మిషన్ పక్క ఊరికి పోతుంది. మళ్లీ ఈ వైపు ఎప్పుడొస్తుందో డ్రైవర్ చెప్పలేడు. ఈలోపు ఆ మబ్బు కురిస్తే యాసంగి పంట మొత్తం బురదలో పడుకుంటుంది. ఆ పంట మూడు వారాల కిందటే కోతకు వచ్చింది. ఇంకా కొయ్యకపోవడానికి కారణం ఆ పొలానికి నేను తీసిన ఒక ఫొటో.

ఆ పొద్దున ఏం జరిగిందో చెప్పేముందు ఈ వృత్తి ఏమిటో చెప్పాలి. ఈ పనిలోకి వస్తున్న కుర్రాళ్లు నాకు ఫోన్ చేసి అడిగేది ఒకటే: అన్నా, ఏ లెన్స్ కొనాలి? ఏదైనా కొనుక్కోండి. మిమ్మల్ని ఏడిపించేది లెన్స్ కాదు.

ఏం పని ఇది

నాకు ముప్పై నాలుగేళ్లు. తొమ్మిదేళ్లు లొకేషన్ ఫొటోగ్రాఫర్‌గా పనిచేసి విరమించుకున్నాను. ఈ వయసులో విరమణ ఏంటి, మానేశానని చెప్పు చాలు అంటుంది మా అమ్మ. సరే, మానేశాను. ఇప్పుడు డ్రోన్‌తో భూములు కొలిచే చోట పనిచేస్తున్నాను. నేను చదివింది సివిల్ ఇంజనీరింగ్ కాబట్టి ఇంట్లోవాళ్లకు ఇది అర్థమయ్యే ఉద్యోగం. నాకు నచ్చింది ఇంకొకటి. భూమిని పైనుంచి తీస్తే దాని మూడ్ ఏమిటని ఎవరూ అడగరు.

లొకేషన్ ఫొటోగ్రాఫర్ చేసేది ఇది. ప్రకటనకో సీరియల్‌కో సినిమాకో ఫలానా రకం చోటు కావాలంటారు. మనం ముందే వెళ్లి, వెతికి, ఫొటోలు తీసి పంపాలి. ఆ ఫొటోలు చూసి దర్శకుడు ఎంచుకుంటాడు. మా ఆఫీసు అత్తాపూర్‌లో, మా ఇల్లు మైలార్‌దేవ్‌పల్లిలో. మాకొచ్చే పనిలో ముప్పాతిక వంతు శంషాబాద్ చుట్టుపక్కలే ఉండేది. దానికి కారణం అందం కాదు, ఎయిర్‌పోర్టు. నటీనటులు పొద్దున విమానం దిగి, సాయంత్రం విమానం ఎక్కిపోవాలి. అందుకని అడవి అయినా, పల్లె అయినా, పాతకాలపు గడీ అయినా, విదేశం అయినా ఎయిర్‌పోర్టుకు అరగంట దూరంలో దొరకాలి. దొరక్కపోతే అది దేశంలో లేనట్టే లెక్క.

నాకంటూ ఒక పద్ధతి ఉండేది. ఏ చోటికి వెళ్లినా పన్నెండు ఫొటోలు. నాలుగు దిక్కులకు నాలుగు. ఆకాశం. నేల. బండి వచ్చే దారి. కరెంటు స్తంభం. దగ్గర్లో గుడి మైకో పంక్చర్ షాపో ఉంటే అది. ఆడవాళ్లు బట్టలు మార్చుకునే వీలున్న ఇల్లు. కెమెరా నిలబెట్టిన చోట నా వీపు వెనక ఏముందో అది. పన్నెండోది ట్రైపాడ్ మీద పెట్టి, ఎడమ నుంచి కుడికి వరసగా ముక్కలు ముక్కలుగా తీసి, కలిపి కుట్టిన వెడల్పాటి ఫొటో. ప్రతిదాని కింద తీసిన టైము, ఎండ ఏ వైపు ఉందో, గాలి ఎటు ఉందో రాసేవాణ్ని. గాలి ఎందుకని నవ్వేవాళ్లు. విమానాలు గాలికి ఎదురుగా దిగుతాయి, గాలి తిరిగితే దిగే వైపు తిరుగుతుంది. నిన్న పిట్ట కూత వినిపించిన ఊళ్లో ఈరోజు మాట వినిపించదు. ఇది తెలియక ఒక సీరియల్ వాళ్లు మౌనవ్రతం సన్నివేశం తీయడానికి వచ్చి మధ్యాహ్నానికి సర్దుకుపోయారు. ఆ వివరం నా ఫైల్లో ఉంది. ఎవరూ చదవలేదు.

ఎవరూ చదవరు. మొదటి ఏడాదిలోనే ఇది తెలుసుకుంటే మీకు మంచిది.

మూడ్ అనే మాట

మా పనిలో అందరూ వాడే మాట ఇది. అర్థం మాత్రం ఎవరూ చెప్పరు. "చోటు బాగుంది కానీ మూడ్ లేదు" అంటారు. ఏ మూడ్ అని అడిగితే చేతులు గాలిలో తిప్పుతారు.

తొమ్మిదేళ్లు తిరిగాక నాకు అర్థమైందేమిటంటే, చోటుకు మూడ్ ఉండదు. చోటుకు ఒక టైము ఉంటుంది, ఆ టైములో అక్కడుండే మనుషులు ఉంటారు. ఆ రెండూ కలిస్తే వచ్చేదాన్ని వీళ్లు మూడ్ అంటారు. తర్వాత టైము మార్చి, మనుషుల్ని తీసేసి, మూడ్ ఎక్కడికి పోయిందని మనల్ని అడుగుతారు.

పహాడీ షరీఫ్ సంగతి చూడండి. ఒక దర్శకుడికి ప్రశాంతత కావాలి. గుట్ట మీద దర్గాకు మెట్లెక్కి వచ్చినవాళ్లు పైన నీడలో కూర్చుంటారు. ఒక ముసలాయన టోపీ తీసి తుడుచుకుంటూ ఊపిరి తీసుకుంటాడు, ఒక తల్లి పిల్లకు నీళ్లు తాగిస్తుంది, ఎవరూ ఎవరితోనూ గట్టిగా మాట్లాడరు. ఎక్కిన అలసట తీరుతున్న ఆ కాసేపే అక్కడి ప్రశాంతత. నేను దాన్నే తీశాను. ఫొటో చూసి ఆయన చాలా మెచ్చుకుని, షూటింగ్ రోజు మనుషుల్ని కిందే ఆపేయొచ్చా అని అడిగాడు. మొక్కు తీర్చుకోవడానికి వచ్చినవాళ్లను ఆపడానికి మనమెవరమని నేనంటే, పోనీ ఇంకో గుట్ట చూడమన్నాడు. చూశాం. ఖాళీ గుట్ట. రాళ్లు. తీసినదాన్ని ఎడిటింగ్‌లో పారేశారు.

అత్తాపూర్ ఎక్స్‌ప్రెస్‌వే కింద స్తంభాల మధ్య మధ్యాహ్నం రెండింటికి ఎండ ఒక పక్క నుంచి పలకలు పలకలుగా పడుతుంది. ఒంటరితనం కావాలన్నవాళ్లకు అది పంపాను, టైము రాసి మరీ. వాళ్లు సాయంత్రం ఆరింటికి వచ్చారు. ఆరింటికి అక్కడ ఎవడూ ఒంటరివాడు కాదు. ఆటోలు, బస్సులు, హారన్లు, మొక్కజొన్న కంకులు కాల్చే బండి. హీరో ఒంటరిగా నడుస్తుంటే ఇద్దరు సెల్ఫీ అడిగారు. తప్పు నాదన్నారు.

మా మైలార్‌దేవ్‌పల్లి దగ్గరి పాత గోడౌన్లు ఫొటోలో అద్భుతంగా ఉంటాయి. తుప్పు, పగుళ్లు, పైకప్పు కంతల్లోంచి వెలుగు. ఆ పక్కనే ప్లాస్టిక్ కరిగిస్తారు. ఫొటోకు వాసన ఉండదు. నేను కింద 'వాసన ఉంది' అని రాశాను. ప్రేమ పాట తీయడానికి వచ్చారు. హీరోయిన్ కళ్లలో నీళ్లు నిజమైనవి.

నేర్చుకోవాల్సింది: మెచ్చుకున్న ఫొటోను నమ్మకండి. వాళ్లు మెచ్చుకునేది ఫొటోను, వాళ్లకు అప్పగించాల్సింది చోటును.

మూర్తి గారు

మా మేనేజర్ మూర్తి గారిది గోదావరి జిల్లా. పాతికేళ్లుగా లొకేషన్లు చూస్తున్నారు. నేను చేరిన రోజు నుంచి మానేసేదాకా నన్ను 'అండి' అనే అన్నారు. తిట్టినా అండి తోనే.

ఆయనతో నాకు తగువు ఒక్కటే. నేను పన్నెండు ఫొటోలు ఇస్తే ఆయన పైకి ఒకటే పంపేవారు, వాటిలో అందమైనది. మిగతా పదకొండూ ఆయన కంప్యూటర్‌లోనే ఉండిపోయేవి. అడిగితే, "పెళ్లిచూపులకు వెళ్లి అమ్మాయి ఎక్స్‌రే చూపిస్తారా అండి?" అనేవారు. షూటింగ్ రోజు కరెంటు స్తంభం అడ్డమొస్తే మాత్రం, శ్రీకాంత్ గారు చెప్పలేదండి అనేవారు.

ఇంత చికాకు పెట్టిన మనిషి వల్లే ఆ గురువారం గట్టెక్కింది. అందుకే ఆయన గురించి మొత్తం ఒకేసారి తీర్పు చెప్పలేకపోతున్నాను.

బియ్యం ప్రకటన

మార్చి నెలాఖరులో ఒక బియ్యం కంపెనీ ప్రకటన వచ్చింది. ముంబై నుంచి నటి వస్తుంది. పండిన వరి చేను గట్టు మీద నిలబడి, చేతిలో గొలుసులు పట్టుకుని, 'మా నేల, మా గింజ' అంటుంది. చేను ఎయిర్‌పోర్టుకు అరగంటలో ఉండాలి.

శంషాబాద్ చుట్టూ ఇప్పుడు వరి చేను వెతకడం ఎలా ఉంటుందో ఒకసారి తిరిగి చూడండి. వెంచర్ల గేట్లు, హద్దు రాళ్లు, ఫామ్‌హౌస్ గోడలు, ఫంక్షన్ హాళ్లు. నాలుగు రోజులు తిరిగాక అండాలమ్మ పొలం కనిపించింది. పెద్ద బాటకు దూరంగా, చెట్ల వరస వెనక, బోరు నీళ్ల కింద ఎకరంన్నర. చుట్టూ భూములు అమ్ముడుపోయినా ఆమె తన వాటా అమ్మలేదు. భర్త బాల్‌రాజు ఎయిర్‌పోర్టులో టాక్సీ నడుపుతాడు. వ్యవసాయం మొత్తం ఆమెదే.

మర్నాడు పొద్దున ఆరున్నరకు వెళ్లి పన్నెండు ఫొటోలు తీశాను. ఎండ ఏటవాలుగా పడి గొలుసులన్నీ బంగారం రంగులో ఉన్నాయి. అండాలమ్మ గట్టు మీద నిలబడి, ఇంకో వారంలో కోస్తామని చెప్పింది. ఫైల్లో అదే రాశాను: కోత వారంలో, షూటింగ్ ఈ లోపే.

మూర్తి గారు ఒక ఫొటో పంపారు. ఆ వెడల్పాటిది.

దర్శకుడు వెంటనే ఒప్పుకున్నాడు. అసలు కథ ఇక్కడ మొదలైంది. ఆయనకు నచ్చింది పొలం కాదు, ఆ పొద్దున ఆ ఫొటోలో ఉన్న రంగు. ఆ రంగు అట్లాగే ఉంచండి అన్నాడు. సోఫా కవర్ గురించి చెప్పినట్టు చెప్పాడు.

నటి తేదీ కుదరలేదు. ఒక వారం ఆపమన్నారు. బాల్‌రాజు అడ్వాన్సు తీసుకుని సరే అన్నాడు. అండాలమ్మ మాత్రం నా వైపు చూసింది. వారం తర్వాత తేదీ మళ్లీ మారింది. నటికి వేరే సినిమా, విమానం టికెట్లు, ఏదో ఒకటి. ప్రతిసారీ అండాలమ్మకు చెప్పే పని నాది. ఎందుకంటే చోటు చూపించినవాడిదే బాధ్యతట. ఈ నియమం ఎక్కడా రాసి లేదు కానీ అందరూ పాటిస్తారు. మూర్తి గారికి నేను రెండుసార్లు రాశాను, ఇది సెట్టింగు కాదు, పంట, దీనికి ఆగడం తెలియదు అని. 'నోటెడ్ అండి' అని జవాబు వచ్చింది.

రంగు

రెండో వారం చివర్లో దర్శకుడు స్వయంగా చూడటానికి వచ్చాడు. మధ్యాహ్నం పన్నెండింటికి. తలకు తువ్వాలు, చేతిలో కొబ్బరిబొండం, వెంట ఆర్ట్ డిపార్ట్‌మెంట్ మనిషి ఒకడు.

చేను వైపు చూసి, ఫోన్‌లో నా ఫొటో చూసి, మళ్లీ చేను చూశాడు.

"రంగు పోయింది" అన్నాడు.

పోదా మరి. నడినెత్తిన ఎండకు ఏ రంగైనా చచ్చిపోతుంది. పైగా వరి ముదిరి, గింజ ఎండి, గడ్డి పాలిపోతోంది. ఈ రెండు కారణాలూ విడివిడిగా వివరించాను. ఆయన విన్నాడో లేదో తెలియదు. ఆర్ట్ మనిషి మాత్రం ఉత్సాహంగా, ముందు వరసలకు పసుపు రంగు స్ప్రే కొడితే కెమెరాకు సరిపోతుందని చెప్పాడు. మంచినీళ్లలో కలిపే రంగేనట, ఏమీ కాదట.

అప్పటిదాకా దూరంగా మోటారు దగ్గర కూర్చున్న అండాలమ్మ లేచి వచ్చింది.

"ఏంది సారూ, వరికి పసుపు పూస్తరా? అదేమన్న పెండ్లిపిల్లనా?"

దర్శకుడు నవ్వాడు. తమాషాగా ఉందనుకున్నాడు. ఆమె నవ్వలేదు. ఒక గొలుసు తెంపి, అరచేతిలో నలిపి, చెయ్యి చాపి చూపించింది. ముట్టుకుంటేనే గింజలు రాలిపోతున్నాయి.

"గిది సూడు తమ్మీ" అంది నాతో, ఆయనతో కాదు. "రోజుకింత కింద పడుతున్నది. పిట్టలు తింటున్నయి. ఇగ మిషన్ల పడితె మిల్లు కాడ అంతా నూకలే అంటరు. మీ మేడమ్‌ను జర జల్ది రమ్మను."

బియ్యం అమ్ముకోవడానికి తీసే ప్రకటన కోసం ఒక రైతు చేతిలో బియ్యం పాడవుతోంది. ఆ గట్టు మీద ఉన్న అయిదారుగురిలో ఇది ఎవరికీ వింతగా అనిపించలేదు. తిరిగి వెళ్లేటప్పుడు కారులో దర్శకుడు, ఆవిడ ముఖం బాగుంది, చాలా ఆథెంటిక్, వెనకాల నిలబెడదామా అన్నాడు.

బాల్‌రాజు మాత్రం గాలిలో తేలుతున్నాడు. ఎయిర్‌పోర్టు టాక్సీల వాళ్లందరికీ చెప్పేశాడు, ఫలానా మేడమ్ మా పొలానికొస్తుందని. ఆమెను ఎక్కించుకొచ్చేది తన టాక్సీలోనేనని కూడా తనే చేర్చాడు. సీటు కవర్లు మార్పించాడు.

మిషన్ వచ్చిన పొద్దు

ఆఖరి తేదీ శుక్రవారమని ఖాయమైంది. టికెట్లు కూడా తీశారు. బుధవారం సాయంత్రం కోత మిషన్ ఆ ఊరికి వచ్చింది. ఊళ్లో మిగిలినవి నాలుగు మడులే. గురువారం పదింటికల్లా మూడూ అయిపోయాయి, నాలుగోది అండాలమ్మది. మూర్తి గారు నన్ను పరుగెత్తించారు: ఎలాగైనా ఆపండి, ఒక్క రోజు.

నేను వెళ్లేసరికి మొగుడూ పెళ్లాలు ఎదురెదురు గట్ల మీద ఉన్నారు. మిషన్ డ్రైవర్ పైన కూర్చుని బీడీ కాలుస్తున్నాడు, ఆడుతున్న ఇంజన్‌కు మాత్రం డీజిల్ ఖర్చవుతోందని గుర్తు చేస్తున్నాడు.

"ఒక్క దినమే గదనే" అంటున్నాడు బాల్‌రాజు. "రేపు పొద్దుగాల మేడమ్ వస్తది, తీసుకుంటరు, పోతరు. ఎల్లుండి కోద్దాం."

"ఎల్లుండి మిషన్ మీ మేడమ్ తోలుకొస్తదా?"

"మాట ఇచ్చినంగద."

"నువ్విచ్చినవ్. వరి ఇచ్చిందా?"

డ్రైవర్ నవ్వాడు. బాల్‌రాజు అతని వైపు గుర్రుగా చూసి, నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పు తమ్మీ. నేను స్టాండ్ల మొఖమెట్ల చూపెట్టాలె?"

అండాలమ్మ కూడా నన్నే చూసింది. "చెప్పు తమ్మీ. జర గా మబ్బు సూసి చెప్పు. పోయిన యాసంగి గిట్లనే వడగండ్లు పడి సగం పోయి నలభై అయిదు బస్తాలే వచ్చినయి. ఈ తాప గూడ పోతె నాకు బోరు కింద ఏమెయ్యాలె, ఎందుకెయ్యాలె? గీయన భూమి అమ్ముదామనే అంటడు. అమ్ముడే అయితది."

అప్పుడు తెలిసింది నాకు, ఆమెకు పోయేది ఒక పంట మాత్రమే కాదని. బాల్‌రాజు తల దించుకున్నాడు.

ఫోన్‌లో మూర్తి గారు అంతా వింటున్నారు. నేను స్పీకర్ తీసేసి, చెవి దగ్గర పెట్టుకుని చెప్పాను. మిషన్‌ను ఆపమని నేను చెప్పను, సార్. ఇది నా ఉద్యోగం కాదు. కావాలంటే మీరొచ్చి చెప్పండి.

చాలాసేపు తిట్టారు. యూనిట్ బుక్ అయింది, టికెట్లు అయ్యాయి, మీ ఒక్కరి మంచితనం వల్ల ఎంతమంది అండి, అలా. తర్వాత ఆయన వైపు నుంచి కీబోర్డు చప్పుడు వినిపించింది.

"శ్రీకాంత్ గారూ" అన్నారు, గొంతు మారింది. "ఆ వెడల్పు ఫొటో ట్రైపాడ్ మీదే తీశారు కదండి?"

"అవును సార్."

"ముక్కలు విడివిడిగా ఉన్నాయా?"

ఉన్నాయన్నాను. ఎన్నో, ఏ సైజో, కెమెరా నేలకు ఎంత ఎత్తులో ఉందో చెప్పాను. అన్నీ ఫైల్లోనే ఉన్నాయి. తొమ్మిదేళ్లలో మొదటిసారి ఆయన నా ఫైలు గురించి అడిగారు.

"అయితే కొయ్యమనండి" అన్నారు. "ఆవిణ్ని అడిగి ఒక కట్ట మాత్రం కొడవలితో కోయించి తీసుకురండి. గొలుసులు రాలకుండా తడి గుడ్డలో చుట్టండి. డైరెక్టర్ గారితో నేను మాట్లాడతాను."

కొయ్యమన్నారు, ఒక కట్ట మాత్రం కావాలట అని నేను పూర్తిగా చెప్పకముందే అండాలమ్మకు అర్థమైంది. డ్రైవర్‌కు చెయ్యి ఊపింది. వాడు బీడీ పారేశాడు. మిషన్ మడిలోకి దిగేలోపు ఆమె గట్టు వారన వంగి, ఒక చేతి కట్ట కోసి, గడ్డిపోచతో కట్టి నాకిచ్చింది.

"గిది మీ మేడమ్‌కు. మిగిలింది నాకు."

బాల్‌రాజు టాక్సీలోకి వెళ్లి కూర్చున్నాడు. కొత్త సీటు కవర్ల మీద.

ఆ తర్వాత

మూర్తి గారు దర్శకుడితో ఏం మాట్లాడారో నాకు తెలియదు. పట్టుమని అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆయనకు కావాల్సింది ఆ రంగు, ఆ రంగు ఫొటోలో ఉంది, ఫొటో మా దగ్గర ఉంది. శుక్రవారం పొద్దున నటి దిగింది. ఎయిర్‌పోర్టు నుంచి అత్తాపూర్‌లో మా ఆఫీసు ఉన్న బిల్డింగుకు తీసుకొచ్చారు. డాబా మీద ఆకుపచ్చ గుడ్డ కట్టి, కింద కొంచెం మట్టి పోసి, టేబుల్ ఫ్యాన్ పెట్టి, చేతికి అండాలమ్మ కట్ట ఇచ్చారు. 'మా నేల, మా గింజ' అంది. వెనక కంప్యూటర్‌లో నా ఫొటో అతికించారు. రెండు గంటల్లో పనైపోయింది. ఎవరికీ ఏ తేడా తెలియలేదు.

ఇన్నేళ్లలో నాకు అన్నిటికన్నా ఒళ్లు మండింది ఆ రోజే. తిట్లకు మండలేదు, తేదీలు మారితే మండలేదు. మూడు వారాలు ఒక మనిషి పంటను గుప్పిట్లో పెట్టుకుని నిలబెట్టి, అయిదు నిమిషాల్లో పర్లేదు అనేశారు. అంటే మొదటి రోజు కూడా పర్లేదు. ఆ మాట ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

ఇకముందు మీరు అడగండి. 'ఈ చోటు నిజంగా కావాలా, దీని ఫొటో చాలా?' అని మొదటి రోజే అడగండి. మొహమాటపడకండి. అలా అడిగితే చాలామంది ఫొటో చాలంటారు. అప్పుడు మీ పని సగం అవుతుంది, మీ మీద ఆధారపడినవాళ్ల నిద్ర మొత్తం మిగులుతుంది. పంట ఉన్న చోటు, పెళ్లి ఉన్న ఇల్లు, బేరం సాగే కొట్టు, వీటిని ఆగమని చెప్పే పని మీకప్పగిస్తే ఒప్పుకోకండి. అది ఫొటోగ్రఫీ కాదు. ఇంకొకటి, పన్నెండో ఫొటోకు ట్రైపాడ్ మానకండి.

ఆ శుక్రవారం చీకటి పడే వేళకు వాన వచ్చింది. వడగండ్లతో. మా డాబా మీద ఆకుపచ్చ గుడ్డ చిరిగిపోయింది. నేను అండాలమ్మకు ఫోన్ చేస్తే బాల్‌రాజు ఎత్తాడు. వడ్లు కొనే కేంద్రం దగ్గర కుప్ప పోసి, పరదాలు కప్పి, ఇద్దరూ పరదా అంచుల మీద రాళ్లు పెడుతున్నారు. గాలి మోతలో ఆయన చెప్పింది ఇంతే: "తడ్వలే తమ్మీ. పెట్టెయ్ ఫోన్."

ప్రకటన టీవీలో వచ్చాక బాల్‌రాజు టాక్సీ స్టాండ్‌లో అందరికీ ఫోన్‌లో చూపించాడట. మేడమ్ పొలానికి రాలేదు కదా అని ఎవడో అంటే, పొలమే మేడమ్ దగ్గరికి పోయిందని చెప్పాడట. ఆయన మొహం ఆయన కాపాడుకున్నాడు.

ఉద్యోగం మానేసే ముందు ఆ వెడల్పాటి ఫొటో ప్రింటు వేయించి వాళ్లింటికి తీసుకెళ్లాను. అండాలమ్మ దాన్ని మంచం మీద పరిచి, ఒక చివర నుంచి ఇంకో చివరకు నిదానంగా చూసింది. బాగుందంటుందని ఎదురుచూశాను.

"గీ మూలకు గడ్డి సూడు" అంది, వేలు పెట్టి. "గట్టు గడ్డి కొయ్యకముందే తీసినవ్. దేశమంత సూసిండ్రు గదా."

నేను రంగు గురించి, ఆ పొద్దుటి ఎండ గురించి ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు, ప్రింటు చుట్టి బీరువా మీద పెట్టింది. బోరు కింద మళ్లీ నారు పోశారట. నేను లేచి, ఆ గురువారం మిషన్ కోసిన వడ్లు మొత్తం ఎన్నయ్యాయని అడిగాను.

ఎనభై ఏడు బస్తాలు.